ఫిష్ ఫైండర్: సరస్సుల్లో చేపల వేటకు సోనార్

పడవ అడుగు నుంచి నీటిలోకి ధ్వనిని పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి లోతునూ, నేల తీరునూ, మధ్యలో తిరిగే చేపలనూ తెర మీద గీసి చూపే పరికరం ఫిష్ ఫైండర్. ఇందులో ప్రధానంగా రెండు భాగాలు. నీటిలో మునిగి ఉండి ధ్వనిని పంపేదీ, వినేదీ ట్రాన్స్‌డ్యూసర్. విన్నదాన్ని లెక్కకట్టి బొమ్మగా మార్చేది స్టీరింగ్ పక్కన బిగించే తెర. సముద్రపు వేట కోసం పుట్టిన ఈ యంత్రం 1950ల చివర్లో మంచినీటి సరస్సులకు వచ్చింది. ఇవాళ అమెరికాలో బాస్ చేపల పోటీలకు వెళ్లే పడవల్లో రెండు మూడు తెరలు కనిపించడం మామూలే.

కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఆటోమేటిక్‌లో వదిలేస్తారు. తెర మీద చేప బొమ్మ కనబడగానే గాలం దించుతారు. ఏమీ తగలదు. యంత్రాన్ని తిట్టుకుంటారు. ఆ తెరను నీటి అడుగు ఫోటో అనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా. ఈసీజీ కాగితం మీద గుండె చప్పుడు వరసగా నమోదైనట్టు, పడవ కింద ఏ క్షణాన ఏది ఎంత లోతులో తగిలిందో తెర మీద నమోదవుతూ పోతుంది. కుడి అంచున ఉన్న సన్నని నిలువు గీత ఒక్కటే ఇప్పటి సంగతి. దానికి ఎడమన ఉన్నదంతా అయిపోయిన కథ. ఈ ఒక్క విషయం పట్టుబడితే సెట్టింగుల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

ధ్వని ప్రయాణం

నీటిలో ధ్వని వేగాన్ని తొలిసారి పకడ్బందీగా కొలిచింది కూడా ఒక సరస్సులోనే. 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్, స్టూర్మ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రెండు పడవలతో ఈ పని చేశారు. ఒక పడవ దగ్గర నీళ్లలో దించిన గంటను కొట్టి, అదే క్షణాన తుపాకీ మందు వెలిగించేవారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రెండో పడవలో, మెరుపు కనబడినప్పటి నుంచి నీటిలో ముంచిన గొట్టంలో గంట మోత వినబడేదాకా ఎంతసేపు పట్టిందో చూసేవారు. 8 డిగ్రీల చల్లటి నీటిలో సెకనుకు 1,435 మీటర్లని తేలింది. ఇప్పటి కొలతలకు అది చాలా దగ్గర.

20 డిగ్రీల మంచినీటిలో ఈ వేగం సుమారు 1,480 మీటర్లు. గాలిలో కంటే నాలుగు రెట్లు మించి. నేల 10 మీటర్ల లోతున ఉంటే ధ్వని వెళ్లి రావడానికి పదమూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది. యంత్రం చేసే మూల లెక్క ఇంతే: పట్టిన సమయాన్ని సగం చేసి, వేగంతో గుణించడం. గడ్డకట్టే దశలో ఉన్న నీటిలో ధ్వని వేగం సుమారు 1,402 మీటర్లు, 30 డిగ్రీల నీటిలో 1,509 మీటర్లు. కాబట్టి చలికాలానికీ ఎండాకాలానికీ చూపే లోతులో కాస్త తేడా రావచ్చు. వేటకు దాంతో వచ్చే ఇబ్బందేమీ లేదు.

ట్రాన్స్‌డ్యూసర్ గుండెకాయ ఒక పలక. దానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది, కంపనం తగిలితే విద్యుత్తు పుట్టిస్తుంది. ఒత్తిడికి విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని కొన్ని స్ఫటికాల్లో 1880లో క్యూరీ సోదరులు జాక్, పియేర్ కనుక్కున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవాన్ దాన్ని జలాంతర్గాముల జాడ తీయడానికి మలిచాడు.

చేప ఒళ్లు చాలావరకు నీరే గనుక ధ్వనికి అది పెద్ద అడ్డు కాదు. గట్టిగా ప్రతిధ్వనించేది దాని కడుపులో తేలడానికి ఉపయోగపడే గాలితిత్తి. నీటికీ గాలికీ సాంద్రతలో ఉన్న తేడా వల్ల ధ్వని అక్కడ తగిలి వెనక్కి తిరుగుతుంది. గాలితిత్తి లేని చేప అంతే పొడవున్నా తెర మీద మసకగా కనిపించడానికి కారణం ఇదే.

సముద్రం నుంచి సరస్సుకు

1912లో టైటానిక్ మునిగాక మంచుకొండలను ముందే పసిగట్టే ఉపాయాల వెతుకులాట ఊపందుకుంది. జర్మనీలో అలెగ్జాండర్ బేమ్ ప్రతిధ్వనితో లోతు కొలిచే పద్ధతికి 1913లో పేటెంట్ పొందాడు. 1914లో రెజినాల్డ్ ఫెసెండెన్ మంచుకొండ నుంచి ప్రతిధ్వని రాబట్టి చూపాడు. అవి లోతుకూ అడ్డంకులకూ పరిమితం. చేపల కోసమే పనికొచ్చే యంత్రాన్ని 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు మార్కెట్లోకి తెచ్చారు.

సరస్సుల కథ అమెరికాలో మొదలవుతుంది. కార్ల్ లోరెన్స్, ఆయన కొడుకులు కలిసి 1957లో పెట్టిన సంస్థ చేతిలో మోసుకెళ్లగల ట్రాన్సిస్టర్ సోనార్‌ను తయారుచేసింది. అభిమానులు దాన్ని ముద్దుగా చిన్న ఆకుపచ్చ పెట్టె అన్నారు. దానికి బొమ్మ లేదు. గుండ్రటి డయల్ మీద ఒక దీపం గిర్రున తిరుగుతూ ప్రతిధ్వని వచ్చిన లోతు దగ్గర మెరిసేది. ఆ జాతి ఫ్లాషర్లు ఇప్పటికీ బతికే ఉన్నాయి. మిన్నెసోటా వంటి చోట్ల గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి గాలం వేసేవాళ్లు వాటినే కోరుకుంటారు. గతాన్ని గీయకుండా ఈ క్షణాన్ని మాత్రమే చూపడం అక్కడ కావలసిన గుణం. ఆ తరవాత కాగితం మీద గీసే యంత్రాలు, 1980ల్లో ఎల్‌సీడీ తెరలు, ఆపైన రంగు తెరలు, జీపీఎస్ వచ్చాయి.

శంకువు

ట్రాన్స్‌డ్యూసర్ పంపే ధ్వని శంకువు ఆకారంలో కిందికి విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందన్నది పలక సైజునూ, ఫ్రీక్వెన్సీనీ బట్టి ఉంటుంది. సరస్సు యంత్రాల్లో బాగా వాడకంలో ఉన్న 200 కిలోహెర్ట్జ్ ధ్వని చాలా మోడళ్లలో 20 డిగ్రీల సన్నటి శంకువు. 83 కిలోహెర్ట్జ్‌కు అది 60 డిగ్రీల దాకా ఉంటుంది. 20 డిగ్రీల శంకువు నేల మీద చూసే వెడల్పు లోతులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ: 10 మీటర్ల లోతున మూడున్నర మీటర్లు. 60 డిగ్రీలదైతే అదే లోతున పదకొండున్నర మీటర్లు.

వెడల్పు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ యంత్రానికి దూరం తెలుస్తుంది గానీ దిక్కు తెలియదు. శంకువు కుడి అంచున ఉన్న చేపనూ, ఎడమ అంచున ఉన్న చేపనూ ఒకే చోట గీస్తుంది. అంతకంటే చిక్కు నేల దగ్గర. నేల నుంచి వచ్చే తొలి ప్రతిధ్వని సరిగ్గా పడవ కింది నుంచి వస్తుంది. అంచున ఉన్న చేప నేలకు ఆనుకుని ఉంటే దాని దూరం అంతకంటే ఎక్కువ, కాబట్టి నేల గీతలో కలిసిపోతుంది. 20 మీటర్ల లోతులో 20 డిగ్రీల శంకువు అంచున ఇలా కనబడకుండా పోయే మందం 30 సెంటీమీటర్లు. 60 డిగ్రీల శంకువుకు అది దాదాపు 2.7 మీటర్లు. నేలను అంటిపెట్టుకుని తిరిగే చేప కోసం వెళ్లేవాడు వెడల్పాటి శంకువు పెట్టుకోవడం చేతులారా కళ్లు మూసుకోవడమే. ఏటవాలు గట్ల మీద ఈ గుడ్డి ప్రాంతం ఇంకా పెరుగుతుంది. పైగా అక్కడ తెర మీది లోతు అంకె శంకువులో దగ్గరగా తగిలిన మెట్టవైపు నేలది.

పాత యంత్రాలు ఒకే ఫ్రీక్వెన్సీలో చిన్న ధ్వని తునకలు పంపేవి. పదోవంతు మిల్లీసెకను తునక నీటిలో 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. కాబట్టి ఏడు సెంటీమీటర్ల కంటే దగ్గరగా పైనా కిందా ఉన్న రెండు చేపలు ఒకే మచ్చగా కనిపిస్తాయి. చిర్ప్ అనే పద్ధతిలో ధ్వని ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకొకదానికి, ఉదాహరణకు 150 నుంచి 240 కిలోహెర్ట్జ్‌కు, జారుతూ పోతుంది. ఆ జారుడును పోల్చి చూసి యంత్రం ప్రతిధ్వనులను విడదీస్తుంది. సిద్ధాంతరీత్యా సెంటీమీటరు ఎడమున్న వస్తువులు కూడా వేరుపడతాయి. కొత్తగా కొనేవాళ్లు డబ్బు ఖర్చుపెట్టదగ్గ సదుపాయాల్లో ఇదే మొదటిది.

తెరను చదవడం

ముందు నేలను చదవాలి, చేపను తరవాత. రాయీ గట్టి ఇసుకా ఉన్న చోట ప్రతిధ్వని బలంగా వస్తుంది. రంగు తెర మీద నేల గీత బలమైన రంగుతో మెరుస్తుంది, కొన్నిసార్లు దానికి రెట్టింపు లోతున రెండో నేల కూడా కనబడుతుంది. ఆ ధ్వని నేలకు తగిలి, పైకొచ్చి, నీటి ఉపరితలానికో పడవ అడుగుకో తగిలి, మళ్లీ కిందికి వెళ్లి వచ్చిందన్నమాట. రెండో నేల కనబడితే కింద గట్టిదనం ఉన్నట్టే. బురద ధ్వనిని పీల్చుకుంటుంది. దాని గీత మెత్తగా, మసకగా వస్తుంది. నాచు నేల నుంచి పైకి లేచిన గడ్డిలా, మునిగిన చెట్టు కొమ్మలతో సహా గుబురుగా కనిపిస్తాయి.

చేపకు పేరుపడిన గుర్తు విల్లు. చేప శంకువు అంచులోకి వచ్చినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌కు కాస్త దూరం, నడిమికొచ్చినప్పుడు దగ్గర, అవతలి అంచుకు పోయేటప్పుడు మళ్లీ దూరం. ఆ దూరాలను వరసగా గీస్తే విల్లవుతుంది. అంటే విల్లు రావాలంటే చేపో పడవో కదలాలి. రెండూ నిలిచి ఉంటే అదే చేప తెర అంతటా ఒక పొడుగాటి గీతగా సాగుతుంది. దాన్ని చూసి పే..ద్ద చేప అని మురిసినవాళ్లు ఎందరో! పొడవు చెప్పేది చేప శంకువులో ఎంతసేపు ఉందన్నది మాత్రమే. సైజు అంచనాకు చూడవలసింది గీత మందం, రంగు బలం. శంకువు అంచును మాత్రమే తాకిపోయిన చేప సగం విల్లుగానో, మసక చుక్కగానో మిగులుతుంది.

నిండు విల్లు కనబడకపోవడానికి తెర కూడా కారణం కావచ్చు. 10 మీటర్ల లోతున 20 డిగ్రీల శంకువును దాటిన చేప గీసే విల్లు ఎత్తు 15 సెంటీమీటర్లు మాత్రమే. నిలువున 480 చుక్కలున్న తెర మీద 60 మీటర్ల లోతు దాకా చూపేట్టు రేంజి పెడితే ఒక్కో చుక్క పన్నెండున్నర సెంటీమీటర్లు. విల్లు మొత్తం ఒక చుక్కలో అణిగిపోతుంది. అదే తెర మీద నేలకు పైనున్న 5 మీటర్లను జూమ్ చేస్తే ఆ విల్లు పద్నాలుగు చుక్కల ఎత్తున లేస్తుంది.

సరిచేసుకునే తీరు

మొదట ఫిష్ ఐడీ ఆపేయాలి. నేలకు అంటకుండా మధ్యలో వచ్చే ప్రతిధ్వనుల్లో తన లెక్కకు సరిపోయినవాటి మీద యంత్రం ముచ్చటైన చేప బొమ్మ అతికించే సదుపాయం ఇది. గాలి బుడగలు, తేలే ఆకులు, మునిగిన కొమ్మలు కూడా ఆ లెక్కలో పడుతుంటాయి. అమ్మకాల కోసం పెట్టినదే తప్ప వేటకు చేటు. ఆ తరవాత నీటి రకం మంచినీరని చెప్పాలి. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఎంత కింద ఉందో కొలిచి ఆ అంకె ఇవ్వాలి. మెనూలో ట్రాన్స్‌డ్యూసర్ మోడల్ సరైనదేనా అని చూసుకోవాలి.

బలహీనమైన ప్రతిధ్వనులను ఎంతవరకు చూపాలో నిర్ణయించే సెన్సిటివిటీని సరిచేయడానికి లోతు ఎనిమిదో పదో మీటర్లున్న చదునైన చోట పడవను మెల్లగా నడుపుతూ, అనవసరపు చుక్కలను వడకట్టే నాయిజ్ రిజెక్షన్ తగ్గించి మొదలుపెట్టాలి. ఆటోమేటిక్ తీసేసి సెన్సిటివిటీని అంచెలంచెలుగా పెంచుతూ పోతే నేల గీత మందమవుతుంది, తెర మీద నలుసులు మొదలవుతాయి, చివరికి నీరంతా చుక్కలతో నిండుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు అంచెలు వెనక్కి రావాలి. అక్కడక్కడ కొద్దిగా నలుసు మిగలడమే సరైన స్థితి. తెర శుభ్రంగా, నీలంగా మెరుస్తోందంటే చిన్న చేపలనూ, చల్లని నీటి పొర సరిహద్దునూ యంత్రం దాచేస్తోందన్నమాట. సెట్టింగు మార్చిన ఫలితం తెర కుడి అంచు నుంచి కనబడుతుంది. వెంటనే మొత్తం బొమ్మను చూసి మళ్లీ మార్చేవాడికి ఎప్పటికీ కుదరదు. కొత్త గీతలు తెరలో సగమైనా నిండేదాకా ఆగాలి.

రేంజిని నేల తెరలో కింది నాలుగో వంతులో ఉండేట్టు పెట్టుకుంటే సరిపోతుంది. తెర మీద బొమ్మ జరిగే స్క్రోల్ వేగం పడవ వేగానికి తగ్గట్టుండాలి. గంటకు ఐదు కిలోమీటర్లతో వెళ్లే పడవ 10 మీటర్ల లోతున ఉన్న చేపను రెండున్నర సెకన్లలో దాటేస్తుంది. స్క్రోల్ నెమ్మదిగా ఉంటే ఆ చేప ఒక నిలువు చారగా నలిగిపోతుంది. సెకనుకు ఎన్నిసార్లు ధ్వని పంపాలో చెప్పే పింగ్ వేగం విషయంలో మాత్రం అత్యాశకు పోకూడదు. తక్కువ లోతులో గట్టి నేల మీద దాన్ని మరీ పెంచితే పాత ప్రతిధ్వనులు కొత్తవాటిలో కలిసి లేని నేలలు పుట్టుకొస్తాయి.

ఇక అడ్డదిడ్డపు చుక్కలు, ఏటవాలు గీతలు. వీటిని చూడగానే నాయిజ్ రిజెక్షన్ పెంచడం అందరికీ అలవాటు. పెంచితే చుక్కలతో పాటు చిన్న చేపలూ పోతాయి. ముందు కారణం వెతకాలి. పడవను నిలిపి ఇంజను, నీరు తోడే పంపు, పడవను మెల్లగా నడిపే ట్రోలింగ్ మోటారు, రేడియో అన్నీ ఆపి తెర చూడాలి. ఆపైన ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పోతే దొంగ దొరుకుతుంది. ట్రోలింగ్ మోటారు తీగా ట్రాన్స్‌డ్యూసర్ తీగా కట్టగట్టి ఉండటం చాలాసార్లు మూలం. యంత్రానికి ఫ్యూజుతో విడిగా బ్యాటరీ నుంచే తీగ లాగితే చాలా జబ్బులు కుదురుతాయి. అన్నీ ఆపినా గీతలు పోకపోతే పక్క పడవ సోనార్‌ను అనుమానించాలి. ఫ్రీక్వెన్సీ మారిస్తే సరి.

వేగం పెంచగానే బొమ్మ పోతోందంటే సెట్టింగుల జోలికి వెళ్లే పని లేదు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద గాలి బుడగలు పారుతున్నాయి. దాన్ని ప్రొపెల్లరుకూ, పడవ అడుగున ఉన్న రివెట్ల వరసకూ దూరంగా, నీరు నున్నగా జారే చోట, పడవ అడుగు కంటే కాస్త దిగువకు బిగించాలి. ఫైబర్ పడవల్లో లోపలి వైపు నుంచే ఎపాక్సీతో అతికించవచ్చు. మధ్యలో ఒక్క గాలి బుడగ చిక్కినా ధ్వని అక్కడే ఆగిపోతుంది. అల్యూమినియం, చెక్క పడవలకు ఈ పద్ధతి పనికిరాదు.

టెక్సోమాలో ఒక వేసవి ఉదయం

టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ నది మీద 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వెనక టెక్సోమా సరస్సు ఉంది. డాలస్ నుంచి కారులో గంటన్నర లోపు. డాలస్ శివార్లయిన ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు వారాంతపు విహారంగా బాగా తెలిసిన చోటు. రెండు రాష్ట్రాల నీటిలోనూ చెల్లే ప్రత్యేక లైసెన్సు ఈ సరస్సుకు ఉంది. సముద్రంలో పెరిగి నదుల్లో గుడ్లు పెట్టే స్ట్రైప్డ్ బాస్‌ను 1960ల్లో ఇక్కడ వదిలారు. ఎగువ నదుల పారకంలో గుడ్లు తేలుతూ పొదిగే వీలుండడంతో ఆ చేప ఇక్కడ తనంతట తాను వృద్ధిచెందింది. మంచినీటి సరస్సులో అది అరుదు.

ఈ చేప షాడ్ అనే చిన్న చేపల గుంపుల వెంట పడి నడినీటిలో తిరుగుతుంది. ఒడ్డునో చెట్టు మొదలునో చూసి అంచనా వేయడానికి వీల్లేదు, కాబట్టి సోనార్ విలువ తెలిసేది ఇక్కడే. జూలైలో ఒక తెర ఇలా ఉంటుందనుకోండి. నేల 18 మీటర్ల లోతున మెరుస్తోంది. 11 మీటర్ల దగ్గర తెర ఈ చివరి నుంచి ఆ చివరికి మసక పట్టీ ఒకటి సాగింది. అది థర్మోక్లైన్: పైన ఎండకు వేడెక్కిన తేలిక నీరు, కింద చల్లటి బరువు నీరు కలవకుండా నిలిచిన సరిహద్దు. నీటి సాంద్రతలోని మార్పూ, అక్కడ చేరే సూక్ష్మజీవులూ కలిసి ఆ పట్టీని చూపిస్తాయి. దాని కింది నీటికి గాలి తగలక వేసవి ముదిరేకొద్దీ ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలకు చల్లదనం కావాలి, ఊపిరీ కావాలి. అందుకని పట్టీకి సరిగ్గా పైన గుమిగూడతాయి. పట్టీ కింద ఏడు మీటర్ల నీటిలో వెతకడం దండగ అని గాలం దించకముందే తెలిసిపోయింది.

7 మీటర్ల దగ్గర మబ్బుతునక లాంటి గుబురు షాడ్ గుంపు. ఆ గుబురు కింద 9 మీటర్ల దగ్గర మందపాటి విల్లులు నాలుగైదు. గుంపు చీలి మధ్యలో ఖాళీలు కనిపిస్తే కింది చేపలు దాడిలో ఉన్నాయని గైడ్లు చెబుతారు. పడవను ఆపి స్లాబ్ అనే సీసపు ఎరను నిట్టనిలువుగా వదిలితే తెర మీద ఏటవాలు గీత ఒకటి కిందికి దిగుతుంది. అదే మీ ఎర. ఆ గీతను 8 మీటర్ల దగ్గర ఆపి, కొంచెం ఎగరేస్తే రంపపు పళ్లలా కనబడుతుంది. కింది నుంచి ఇంకో గీత పైకి లేచి దాన్ని కలుసుకుందా, కడ్డీ గట్టిగా పట్టుకోవలసిన సమయం వచ్చింది. ఎర గీత కనబడకపోతే సెన్సిటివిటీ చాలలేదు, లేదా గాలి పడవను నెట్టడంతో ఎర శంకువు బయటికి పోయింది.

పక్కకూ ముందుకూ

2005లో హమ్మిన్‌బర్డ్ సంస్థ పడవకు రెండు వైపులా పలచటి ధ్వని పొరలు పంపే సైడ్ ఇమేజింగ్‌ను సాధారణ వేటగాళ్లకు తెచ్చింది. 455, 800 కిలోహెర్ట్జ్, ఇంకా పైనున్న ఫ్రీక్వెన్సీల్లో అలల పొడవు మూడు మిల్లీమీటర్ల నుంచి ఒక మిల్లీమీటరు వరకు తగ్గుతుంది. వివరం పెరుగుతుంది, చేరే దూరం తగ్గుతుంది. ఇందులో వస్తువు కంటే దాని వెనక ధ్వని చేరక ఏర్పడే నీడ ఎక్కువ చెబుతుంది: నేల మీద పడుకున్న మొద్దుకు నీడ పొట్టి, నిలబడ్డ మోడుకు పొడుగు. పడవ నెమ్మదిగా, తిన్నగా పోవాలి. మలుపు తిప్పితే బొమ్మ సాగిపోతుంది.

2018లో గార్మిన్ లైవ్‌స్కోప్‌తో ముందుచూపు సోనార్ యుగం మొదలైంది. పడవ ముందున్న నీటిని వీడియోలా క్షణక్షణం చూపే ఈ తెరలో చేప ఎరను చూసి తిరగడం, వెనకాడటం కూడా కనిపిస్తాయి. ఇది వేటా, వీడియో గేమా అన్న తగువు అప్పుడే రాజుకుంది. మేజర్ లీగ్ ఫిషింగ్ సంస్థ 2025లో తన ప్రధాన పోటీల్లో రోజుకు మూడు విడతల్లో ఒక్క విడతకే దీన్ని అనుమతించింది. సోనార్‌తో వెతికి పట్టే లోతు నీటి చేపలకు ఒక ముప్పు కూడా ఉంది. 10 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడి నుంచి వేగంగా లాగిన చేప గాలితిత్తి ఉబ్బి, నీళ్లలో వదిలినా కిందికి దిగలేక తేలిపోతుంది. తెర మీద పట్టిచ్చిన తిత్తే ప్రాణం మీదికి తెస్తుందన్నమాట. పట్టి వదిలేద్దామనుకునేవాళ్లు బాగా లోతున కనబడిన చేపల జోలికి పోకపోవడమే మేలు.

తెలుగునాట

విశాఖ, కాకినాడ రేవుల మర పడవల్లో ప్రతిధ్వనితో లోతు చూపే ఎకో సౌండర్లు వాడుకలో ఉన్నవే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిమినీ, పచ్చదనాన్నీ చూసి చేపలుండే అవకాశమున్న ప్రాంతాల సమాచారం ఇస్తుంది. ఆ ప్రాంతానికి చేరాక కింద ఉన్నదేమిటో చెప్పేది పడవలోని సోనారే. లోతట్టు జలాశయాల్లో పుట్టి మీద తిరిగే వలవాళ్లకు పడవకు బిగించే యంత్రం నప్పదు. పడవ ఉన్నవాళ్లకైతే నాగార్జునసాగర్ వంటి లోతు నీటిలో చేపల కంటే ముందు వల చిరిగే రాళ్లూ మొద్దులూ ఎక్కడున్నాయో తెలియడానికి ఇది పనికొస్తుంది. గట్టు మీది నుంచి గాలం వేసేవాళ్లకు లిథువేనియా సంస్థ డీపర్ తెచ్చినటువంటి బంతి సోనార్లున్నాయి. గాలపు తీగకు కట్టి విసిరితే బంతి నీటి మీద తేలుతూ ఫోనుకు బొమ్మ పంపుతుంది. మెల్లగా లాగుతూ వస్తే గట్టు దాకా నేల తీరు గీసి ఇస్తుంది.

కొల్లేరులో మాత్రం కిందికి చూసే సోనార్‌కు పనిలేదు. ఒకటిన్నర మీటరు లోతున 20 డిగ్రీల శంకువు చూసేది అర మీటరు వెడల్పు; అందులో పై భాగం ఉపరితలపు అలజడితోనే నిండిపోతుంది. పైగా నాచులో దాగే కొర్రమీను పడవ నీడ పడగానే పక్కకు తప్పుకుంటుంది.